డు, రు

పరకాల నుంచి ఐలోని ఫోన్:
"పోయిండు సార్."
ఏడుస్తున్నడో, ఊపిరి పీల్చుకున్నడో తెల్వలె.
మా దిక్కు ఆ ఒక్క మాట
ప్రేమకూ సరిపోతది, పగకూ సరిపోతది.
పేపర్ల చెల్లది.

రాత్రి పదకొండున్నర, నక్కలగుట్ట డెస్కు.
'మరణించాడు' అని కొట్టిన.
చెరువు శిఖమని ఆయన మనుషులు కూల్చిన
మా అక్క ఇల్లు మాట్లాడినట్టున్నది.
'మరణించారు' అని దిద్దిన.
ఆయన చిట్టీతోని డయాలసిస్ దొరికి
నాలుగేండ్లు ఎక్కువ బతికిన మా నాయన
కుర్చీలకెల్లి లేచి నిలబడ్డట్టున్నది.

మధ్యల నిలబడదామంటే
డుకూ రుకూ నడుమ
కాలు పెట్టే జాగ లేదు.
క్రియ తీసేసి 'మరణం' అని పెట్టిన.
చదివి చూస్తే
ఎవ్వరూ చచ్చినట్టు లేదు.

కింద వ్యాను హారన్ కొడుతున్నది,
ఏటూరునాగారం కట్టలు ముందు పోవాలె.
'రు' పెట్టిన. అది పేపరు రివాజు.
నాలుగో పేరాల మాత్రం
కూలిన ఇండ్ల సర్వే నంబరు వేసిన,
ఒక్క విశేషణం లేకుండ.

ఎడిటర్ కన్ను దాని మీద ఆగలే.
అక్కకు చదువు రాదు,
పొద్దున బిడ్డతోని చదివించుకుంటది.
ఆ నంబరు మాత్రం
తనే వేలు పెట్టి చూపిస్తది.