ఎవరి చెయ్యి అబ్బింది

అడిస్ అబాబా మ్యూజియం నేలమాళిగలో
పుర్రెల్లో గింజలు పోయడం నా పని.
అసలువి బీరువాలో ఉంటాయి, నేను ముట్టేవి అచ్చులే.
టెఫ్ గింజలు ఆవాలకంటే సన్నం,
ఏ సందులోకైనా జారిపోతాయి.
మెడ దగ్గరి రంధ్రంలో పోసి, కుదిపి, మళ్లీ పోసి
గాజు గొట్టంలోకి ఒంపుతాను.
ఇరవై లక్షల ఏళ్ల నాటివాడికి
మూడు టీ గ్లాసులు.
మనకి ఏడు, కాస్త అటూ ఇటూగా.
మిగతాది రాసుకోవడమే.

ఎవరిది ఎవరికి వచ్చిందో మాత్రం
గింజలు చెప్పవు.

మాది కొన్సో కొండలు. తోళ్లు గీకే ఇల్లు.
బళ్లో మాస్టారు నన్ను చివరి వరసకి పంపుతూ
"వీళ్లకి తలలోనూ తోలే" అన్నాడు.
నాకు తొమ్మిదేళ్లు.
నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

అమ్మ పేరు అషీతె.
చెకుముకి రాయిని ఒళ్లో పెట్టుకుని
ఇనప ముక్కతో కొట్టేముందు
గోటితో తట్టి వినేది,
కొత్త కుండ కొనేటప్పుడు వింటామే, అలా.
పగులు ఎటు పోవాలో
రాయికంటే ముందు ఆమెకి తెలిసేది.
నేను కొడితే పిండి. లేదంటే నెత్తురు.

కవిటె అమ్మకి పుట్టలేదు.
రైతుల పిల్ల. కరువు ఏడాది
మునగాకు అడగడానికి వచ్చి ఉండిపోయింది.
మా ఇంట్లో తిన్నదాన్ని
వాళ్లు మళ్లీ గడప తొక్కనివ్వలేదు కూడా.
మూడో వానలకి
ఆ పిల్ల చేతిలో రాయి
ఉల్లిపొరలా విడిపోయేది.
అంచు చివర కుడివైపుకి రవ్వంత వంపు,
అచ్చం అమ్మ రాయికి లాగే.
అమ్మకంటే చూపుడువేలు ఎప్పుడో విరిగి
వంకరగా అతుక్కుంది.
కవిటె వేలు తిన్నగానే ఉంది.

తల్లి చెయ్యి అబ్బిందని ఊరంతా అంది.
కడుపున పుట్టిన నేను
ఆ మాట విని మేకల వెంట పోయాను.

మా ప్రొఫెసర్‌కి శాతాలు కావాలి:
తెలివిలో రక్తం వంతెంత, పెంపకం వంతెంత.
అమ్మనే అడిగాను ఫోన్‌లో.
చాలాసేపు మాట్లాడలేదు, తోలు గీకుతున్న చప్పుడు.
"బీరులో మత్తు జొన్నదా, కడగని కుండదా?
పోనీ, డబ్బులెప్పుడు పంపుతావు?"

తలరాత నుదుటి మీద ఉంటుందంటారు గానీ
నేను చూసిన రాత లోపలివైపు ఉంది.
మెదడు ఒరుసుకున్న చోట ఎముక మీద
నెత్తుటి నాళాల గీతలు, ఎండిన వాగుల్లా.
వేలుపెట్టి తడమొచ్చు,
చదవడం ఎవరికీ రాదు.

ఎవరో ఒకరు మొదటి రాయి కొట్టారు సరే.
పక్కన ఎవరో కూచుని ఉండాలి,
తిండి మానేసి, నోరు తెరుచుకుని, చూస్తూ.
తవ్వకాల్లో అందరూ కొట్టినవాడి కోసమే వెతుకుతున్నారు.
చూసిన పిల్ల పుర్రె నాకు కావాలి.

నిన్న సాయంత్రం కొత్త అచ్చు వచ్చింది.
గింజలు పోయబోతూ ఆగి
గోటితో తట్టి విన్నాను.
ఈ అలవాటు ఎప్పుడు వచ్చిందో!
పక్క టేబుల్ అబ్బాయి అడిగాడు
ఏం వినపడిందని.
ఏమీ లేదన్నాను. ప్లాస్టర్ మోగదు.

రాత్రి కవిటె మెసేజ్ పెట్టింది.
నాలుగేళ్ల కూతురు అమ్మ ఇనప ముక్క లాక్కుంటోందట,
వదలమంటే కరుస్తోందట.
పిల్లది ఎడమచేతి వాటం.
వంపు ఇప్పుడు ఎటు తిరుగుతుందో.