ఉప్పు బండి

అక్టోబరు నుంచి మార్చి దాకా
రాత్రిళ్లు రోడ్ల మీద ఉప్పు చల్లడం నా పని.
బ్రెకన్ కొండల్లో తడి గాజులా బిగుసుకోక ముందే
పది టన్నుల రాతి ఉప్పుతో బయల్దేరతాను.
మా హెలెద్‌కి డాక్టరు కావాలని ఉంది.
ఈ రెంటికీ సంబంధం లేదనే అనుకున్నాను మొదట్లో.

దరఖాస్తులో తన గురించి తనే రాసుకోవాలట,
నాలుగు వేల అక్షరాలు, ఖాళీలతో కలిపి.
ఖాళీలకీ లెక్కుంటుందా అని నవ్వాను.
తను నవ్వలేదు.
"చిన్నప్పటి నుంచీ ఇదే నా కల" అని మొదలుపెట్టింది.
చిన్నప్పుడు నువ్వు
గొర్రెల వేలంలో పాట పాడతానని కదా అనేదానివి,
అన్నాను.
మూడు రోజులు పలకలేదు.
నాలుగో రోజుకి ఆ వాక్యం పోయింది.
దాని చోట, శనివారాలు వృద్ధాశ్రమంలో
మిసెస్ ప్రొసర్‌కి చెంచాతో సూపు తాగించడం,
ఆవిడ ప్రతి చెంచాకీ "మరి నీకో?" అని అడగడం.
నాకు వ్యాకరణం రాదు,
చదువుతుంటే ఉల్లికాడల వాసనొచ్చింది,
ఇది ఉంచు అన్నాను.

ప్రవేశ పరీక్షకి నా సాయం
కోడిగుడ్లుడికించే గడియారం పట్టుకుని కూర్చోవడమే.
గంట మోగగానే తన భుజాలు ఉలిక్కిపడేవి.
ఓ రాత్రి నిమిషం ఎక్కువే ఇచ్చాను.
కనిపెట్టేసింది.
"అక్కడ నువ్వుండవు కదా నాన్నా."

తర్వాత ఇంటర్వ్యూలకి సాధన.
"పక్కింటాయన పిల్లిని నీ కారు కింద తొక్కేశావు,
వెళ్లి చెప్పాలి. నువ్వే పక్కింటాయనవి, ఏడవాలి సుమా."
తలుపు తీశాను.
"దురదృష్టవశాత్తూ" అంది, రైల్వే ప్రకటనలా.
మళ్లీ తీశాను.
మూడోసారి నాకు తెలియకుండానే నోరు జారింది:
మా అమ్మ పోయిందని చెప్పిన డాక్టరు
తలుపు పిడి మీంచి చెయ్యి తియ్యలేదు.
పన్నెండేళ్లయింది. ఆయన ముఖం గుర్తులేదు.
చెయ్యి గుర్తుంది. పిడి ఇత్తడిది.
హెలెద్ కుర్చీ లాక్కుని కూర్చుంది.
ఏమీ అనలేదు.
కెటిల్ మరిగి, దానంతటదే ఆగిపోయింది.
ఆ రాత్రి పిల్లి సంగతి తేలనే లేదు.

డిసెంబర్లో ఒక కాలేజీ వద్దంది.
జనవరిలో రెండు, ఒకే వారంలో,
ఇంచుమించు ఒకే మాటలతో.
మెరెరిద్ ఏవేవో వేరే కోర్సుల పేర్లు చెప్పబోయి
నా వైపు చూసి ఊరుకుంది.
నాకు మాట రాలేదు, బురదలో దిగబడ్డ టైరులా
ఉన్నచోటే తిరిగింది నాలుక.
షెడ్డులోకి పోయి పిల్ల సైకిలు గొలుసుకి గ్రీజు పెట్టాను.
కిటికీ తీసి అరిచింది,
"ఇంత మంచులో సైకిలెవరు తొక్కుతారు నాన్నా!"
గొంతు బొంగురుగా ఉంది. అయినా అరిచింది కదా.

మిగిలింది కార్డిఫ్ ఒక్కటే.
రేపు తొమ్మిదింటికి రమ్మన్నారు.
ఈ రాత్రి మైనస్ ఆరు.
ఆ కొండదారి నా వంతు కాదు, ఇద్రిస్‌ది.
రెండు శనివారాలు అతనికి రాసిచ్చి మార్చుకున్నాను.
"ఏంటి విశేషం" అన్నాడు. ఏం లేదన్నాను.
చదరపు మీటరుకి ఇరవై గ్రాములని రూలు.
కనుమ దగ్గర మలుపులో
మీట కాస్త ఎక్కువే తిప్పాను.
కావాలంటే కౌన్సిలు వాళ్లు నా జీతంలో కోసుకోనీ.

ఏడు కావస్తుండగా రోడ్డు పక్కన ఆపుకుని
ఫ్లాస్కులో అడుగున మిగిలిన టీ తాగుతున్నాను.
మా ఎర్ర కారు వచ్చింది.
మెరెరిద్ ముందుకు వంగి నడుపుతోంది.
పక్క సీట్లో పిల్ల, కళ్లు మూసుకుని,
పెదాలు మాత్రం కదుపుతోంది.
పక్కింటాయనతోనేనేమో.
నన్ను చూడలేదు.
టైర్ల కింద ఉప్పు చిటపటమంది, కాసేపే,
మలుపు తిరిగేదాకా.

బండి డిపోకి తిప్పుకున్నాను.
తొట్టిలో ఇంకా రెండు టన్నులుంది.