ఎద్దా, ఆవా

మైకులు అద్దెకిస్తాను నేను, అంత్సిరాబే సంత వెనక.
రెండు డబ్బాలు, ఒక జెనరేటరు, తీగచుట్ట,
మెడ నిలవని స్టాండు.
మడగాస్కరులో మాటకి కరువు లేదు,
పెళ్లికీ చావుకీ కాలవకీ ఉపన్యాసమే.
పదహారేళ్లుగా వక్తల వీపులు చూస్తున్నాను,
వీపుల మీదుగా జనం కాళ్లు.
మాట నచ్చకపోతే ముందు మడమ తిరుగుతుంది,
తర్వాతే మనిషి.

జిల్లా అధికారి వచ్చాడోసారి. పదకొండు కాగితాలు.
గొంతు బంగారం, కాదనను,
నా డబ్బాలు కూడా మురిసిపోయాయి.
నాలుగో కాగితం దగ్గర ఒకడు వేరుశెనక్కాయ వొలిచాడు.
ఏడో కాగితానికి ఊరంతా వొలుస్తోంది.
చివర్లో చప్పట్లు.
పొట్టు దులుపుకోడానికి చేతులెలాగూ కలపాలి కదా.

ఆ మంగళవారం మాత్రం
వోలోలోనిరీనా ముసలమ్మ లేచింది.
కాలవ గండి పూడ్చాలి, ఇంటికో మనిషి రావాలి,
ఎవడూ రానని భీష్మించుకున్న సభ.
మైకు ముందు దగ్గలేదు, హలో హలో అనలేదు.
మా మర్యాద ప్రకారం ముందు క్షమాపణ:
"నాకన్నా పెద్దలున్నారు, నాకన్నా తెలిసినవాళ్లున్నారు."
అందరూ అనేదే, తుమ్మినట్టు అనేసి పోయేదే.
ఈమె మాత్రం ఆ పెద్దలెవరో
ఒక్కొక్కరినీ వెతికి చూస్తూ అంది.

లాంబా శాలువా భుజమ్మీదికి లాక్కుని
"వరదొచ్చిన ఏడు, ఇదే గండిలో
రబెమానా గారి ఎద్దు పడింది" అంది.

"ఎద్దు కాదు, ఆవు!"
వెనక వరసలోంచి రబెమానా, టోపీ తీసి మరీ.
"చూడావు," అంది పక్కావిడ.
"తాడు తెచ్చింది నేను."
"నీ తాడు తెగింది. తర్వాతది మాది."
నవ్వులు.
ముసలమ్మ ఆగింది.
అన్నం ఉడుకుతుంటే మూత తీయకుండా
పొయ్యి పక్కన నిలబడ్డట్టు ఆగింది.

"ఆ రోజు లాగింది ఎందరం?"

లెక్క మొదలైంది. ఒకరి పేరు ఒకరు అందించుకున్నారు.
చచ్చిపోయినవాళ్లని కూడా కలుపుకుంటే
ముప్పై ఒక్కరు తేలారు.
కాలవ ఊసు మళ్లీ ఎత్తనేలేదామె.
"శనివారం, పొద్దున్నే" అంది. కూర్చుంది.
వేరుశెనక్కాయలు పొట్లాల్లోనే ఉన్నాయి.

తీగ చుట్టుకుంటూ దగ్గరికెళ్లాను.
"పెద్దమ్మా, ఆవుని పట్టుకుని ఎద్దు చేశావే!"
చెప్పు వెతుక్కుంటోంది.
"దాని మెడ పట్టుకుని నీళ్లలో నిలబడింది నేనే నాయనా.
లోపల దూడ తన్నడం నా మోచేతికి తెలిసింది."
చెప్పు దొరికింది. వెళ్లిపోయింది.

ఆ రోజు అద్దె సగమే తీసుకున్నాను.
నా డబ్బాల్లోంచి వచ్చింది సగమే,
మిగతాది జనమే మాట్లాడారు.

శనివారం పార పట్టుకుని నేనూ వెళ్లాను.
మోకాళ్ల లోతు ఎర్రబురదలో
ఇంకా వాదించుకుంటున్నారు,
తెగిన తాడు ఎవరిదని.