గాదెలపర్రు జనాభా

ఊరు మొదట్లో నీలం బోర్డు.
పైన మునిసిపాలిటీ స్వాగతం,
కింద సన్నక్షరాల్లో జనాభా:
ఇరవై మూడువేల నాలుగొందల పదిహేడు.
అందులో ఆరొందల ముప్పై మందిని రాసింది నేనే,
జెల్ పెన్నుతో, మోకాలి మీద అట్ట పెట్టుకుని.

గాదెలుండేవి గనక గాదెలపర్రు అంటాడు కరణంగారి మనవడు.
కాదు, ముందొచ్చింది మేమే అంటారు
గాదె ఇంటిపేరు వాళ్ళు.
పర్రు దగ్గర మాత్రం ఎవరికీ పేచీ లేదు:
చౌడు, తుంగ, మోకాల్లోతు నీళ్ళు.
కాలవ తవ్వాకే ఇక్కడ మనుషులు తేలారు.
మొదటి లెక్కలో మూడొందల పన్నెండు ఇళ్ళు.
ఆడవాళ్ళ పేర్లు గడప దాటలేదట,
మగవాళ్ళు వేళ్ళు మడిచి చూపించారట.

తర్వాత తాలూకా వచ్చింది.
తాసిల్దారు గుర్రబ్బండి, ఖజానా గంట,
మునసబు కోర్టు, ఎనిమిది మంది పట్టే సబ్‌జైలు,
వకీళ్ళకి కాఫీ హోటలు,
వాయిదాకొచ్చిన వాళ్ళకి పూటకూళ్ళిల్లు.
"గట్టు తగాదా ఒకటి రాజీ అయితే
ఊళ్ళో ఇద్దరు వంటవాళ్ళకి పని పోయేది"
అనేది మా అమ్మమ్మ, నవ్వకుండా.

ఇరవై ఒకటో సంవత్సరంలో అంకె వెనక్కి నడిచింది.
అంతకు మూడేళ్ళ ముందు జ్వరం.
మొయ్యడానికి నలుగురు దొరక్క
ఇద్దరే మోశారని కట్టెపోగు సంసోను
తన తాత మాటగా చెప్పాడు.
పట్టికలో అదొక తీసివేత గుర్తు,
పక్కన శాతం, బిందువు తర్వాత రెండు స్థానాలు.

డెబ్భై ఏడు తుఫానుకి మళ్ళీ పెరిగింది.
సముద్రం వైపు నుంచి తడిబట్టల్తో వచ్చినవాళ్ళు
రైలుకట్ట పక్కన ఆగారు.
బట్టలారాక కూడా వెళ్ళలేదు.

ఎనభై అయిదులో తాలూకాని మండలాల కింద కోశారు.
కోర్టు తెనాలి పోయింది. సబ్‌జైల్లో ఎరువుల బస్తాలు.
ఇప్పటికీ కండక్టర్ని
"పాత తాలూకా ఒకటి" అనే అడుగుతాం.

రెండువేల పదకొండు, ఫిబ్రవరి ఇరవై ఎనిమిది.
ఇల్లు లేనివాళ్ళని రాయాల్సిన రాత్రి.
ఖజానా వరండాలో టార్చి వేస్తే
దుప్పట్లు ఏడు, కాళ్ళు పదహారు.
"ఏ ఊరు పెద్దాయనా?"
"ఇదే."
"ఎన్నాళ్ళ నుంచి?"
"గంట కొట్టేవాణ్ణమ్మా ఇక్కడ."

అర్ధరాత్రి పన్నెండుకి లెక్క మూత.
ఆ తర్వాత పుట్టినవాళ్ళు లేరు,
ఆ తర్వాత పోయినవాళ్ళు ఉన్నట్టే. అదీ రూలు.

మూడో తారీఖున సరిచూడ్డానికి వెళితే
నాగూర్‌బీ ఒళ్ళో గుడ్డలో చుట్టిన పిల్లాడు.
ఆసుపత్రి చీటీ మీద పన్నెండూ పది.
"పది నిమిషాలేగా టీచరమ్మా," అంది వాళ్ళమ్మ,
"గోడ గడియారం ముందు నడుస్తుందనుకో."
టీ ఇచ్చారు. తాగాను.
రాయలేదు.
లెక్కల టీచర్ని మరి,
పది నిమిషాలకి విలువ ఉంటుందని నమ్మేదాన్ని.

పదేళ్ళకి రావాల్సిన లెక్క
కరోనాలో ఆగింది, ఆగి అలాగే ఉంది.
ఆ పిల్లాడు షేక్ కరీముల్లా. నా పదో తరగతి, మూడో బెంచీ.
ఆధార్ ఉంది, రేషన్ కార్డులో పేరుంది,
నూనూగు మీసం ఉంది,
సైకిలుకి బెల్లు లేదు, గొంతే బెల్లు.
గాదెలపర్రులో మాత్రం ఇంకా పుట్టలేదు.

మొన్న శాతాలు చెబుతూ బోర్డు మీది అంకె ఇచ్చాను:
ఏటా వందకి ఒకటి పెరిగితే ఇప్పుడెంత?
అందరూ గుణిస్తున్నారు.
వాడు తలెత్తి అడిగాడు:
"టీచర్, మొదలు నిజమేనా?"

చాక్‌పీసు విరిగింది.
చిన్న ముక్కతోనే
ఏడుని చెరిపి ఎనిమిది చేశాను,
"ఇప్పుడు చెయ్యండి" అన్నాను.
వెనక బెంచీ వాళ్ళు గోల:
"మళ్ళీ మొదట్నుంచా టీచర్!"