మూతికుట్టు

కవరు చింపితే చీటీలో "పిన్నులు" అని ఉంది.
నా థీసిస్‌లో నలభై ఏడో పేరు ఆమెది:
సలోమి, ఇరవై తొమ్మిదేళ్లు, రెండో కాన్పు, నూట నాలుగు కిలోలు.
దారమా పిన్నులా అన్నది నా ఇష్టం కాదు,
ఆమె ఇష్టమూ కాదు, కవరుది.

గుంటూరు పెద్దాసుపత్రి. మే నెల. రాత్రి రెండున్నర.
బిడ్డ ఏడ్చి అప్పటికే పక్క గదికెళ్లిపోయింది.
నేనింకా పొరలు మూస్తున్నాను.
గర్భసంచి, కండ మీది పొర,
ఆ పైన నాలుగు వేళ్ల లోతు కొవ్వు,
లైటు కింద బంతిపూల రంగులో.
సిస్టరు రెండు చేతులా పొట్ట మడత ఎత్తిపట్టి
"బస్తాలా ఉంది" అని నవ్వింది.
తెర అవతల సలోమికి మెలకువే.
"బస్తాలైతే రోజుకి రెండొందలు కుడతానమ్మా" అంది.
తర్వాత ఎవరూ నవ్వలేదు.

టక్, టక్, టక్.
నిమిషమున్నర. దారమైతే ఏడు నిమిషాలు పట్టేది.
ఆ అంకె రాసుకున్నాను.

మర్నాడు రౌండ్సులో తనే పిలిచింది,
ఏం కుట్టావో చూపించమని.
తన పొట్ట దాటి ఆ చోటు తన కంటికి ఆనదు.
ఫోనులో ఫోటో తీసిచ్చాను.
ఇరవై ఎనిమిది ఇనప కాళ్లు, జెర్రిలా.
చాలాసేపు చూసింది,
మిర్చి యార్డులో పక్కదాని పనిని చూసే చూపుతో.
"ఎడం బానే ఉంది. కొసన ఒకటి దగ్గరగా పడింది.
మేం దబ్బనంతో జానెడుకి నాలుగేస్తాం.
పురికొస మరీ లాగితే గోనె చిరుగుద్ది,
వదిలేస్తే కాయ రాలుద్ది.
మీకూ అంతేనా?"
అంతే, అన్నాను.

ఏడో రోజు ఎడమ కొసన విచ్చుకుంది, రెండు వేళ్ల మేర.
నా పట్టికలో దానికొక గడి ఉంది. టిక్కు పెట్టాను.
గాజుగుడ్డ లోపలికి దోపుతుంటే
మంచం ఊచ పట్టుకుని, పళ్ల బిగువున అంది:
"మూతి ఊడిందని దారాన్ని తిట్టకూడదమ్మా.
సరుకు తడిగా వచ్చుంటది.
మా మేస్త్రి కుట్టు చూడడు,
చెయ్యి పెట్టి చూస్తాడు."

చెయ్యి పెట్టి చూశాను.
మడత కింద చెమట.
ఫ్యాను గాలి ఆమె మంచం దాకా రాదు.
ఆసుపత్రి గౌను చుట్టు తిరక్క
తువ్వాలొకటి అక్కడే దోపుకుని ఉంది,
మూడు రోజుల తడితో.
సిగ్గేసి చెప్పలేదట.

ప్రొఫెసర్ గారికి ఏ పద్ధతి మెరుగో కావాలి.
చెప్తాను, ఇంకా యాభై మూడు కవర్లున్నాయి,
లెక్క ఎటు తేలితే అటు.
పట్టిక చివర ఒక గడి మాత్రం గీసుకున్నాను,
స్కేలు లేకుండా, పెన్సిలుతో.
దానికేం పేరు పెట్టాలో తెలీలేదు.

సలోమి మంచాన్ని ఫ్యాను కిందికి జరిపాం, ఆయా, నేనూ.
నాలుగు చక్రాల్లో ఒకటి తిరగదు.
వార్డంతా లేచి చూసేంత చప్పుడుతో
ఈడ్చుకుంటూ వెళ్లాం.