చివరి కడుగు నీళ్ళు

ఆగస్టు ఆఖరి వారం.
బంగారుపాళెం రోడ్డు మీద
తోతాపురి లారీల వరస తెగిపోయింది.
కాటా పక్కన నీడలో కుక్క ఒకటే మిగిలింది.
టెంకల గుట్ట మీద ఈగలు కూడా పల్చబడ్డాయి.

డెబ్బై రోజులు గుజ్జు మోసిన గొట్టాలు
ఇప్పుడు మా చేతికొచ్చాయి.
నాది ల్యాబు: డ్రాపరు, తెల్ల కోటు, కాగితం మీద సంతకం.
చెంగల్రాయులుది కడుగుడు:
రబ్బరు గౌను, గమ్ బూట్లు, మొహానికి అద్దం,
ఇరవై రెండు సీజన్లు.

"ముందు ఉత్త నీళ్ళు, చుక్కలమ్మా" అంటాడు.
నా పేరు అది కాదు.
సీసాలోంచి చుక్కలు వేస్తానని ఆయన పెట్టిన పేరు.
"ఇంటికొచ్చినోళ్ళకి కాళ్ళకి నీళ్ళిస్తాం గదా, అట్ల.
వేడి మందు ముందే తోలితే
గుజ్జు ఉడికి గోడనే కరుచుకుంటాది."

కాలవలో పసుపు పారి పారి
ఎండుగడ్డి రంగయింది, తర్వాత గాజు రంగు.
అప్పుడు కాస్టిక్కు.
చూస్తే పటికబెల్లం పెళ్ళలే.
నూరు లీటర్లకు రెండు కేజీలు,
ఎనభై డిగ్రీలు, నలభై నిమిషాలు.
పంపు గొంతు మారితే ఆయన తల ఎత్తుతాడు,
మీటరు ముల్లు ఆ తర్వాతెప్పుడో కదులుతుంది.

జూన్‌లో వచ్చిన తొలి లారీ నించీ
లోపల మాడి అంటుకున్న తీపి,
గిన్నె అడుగున పాయసంలా నల్లబడిన తీపి,
కరిగి డికాషన్ రంగులో బయటికొస్తుంది.
తీపి వదిలించడానికి ఇంత చేదు కావాల్నా అని
చేరిన కొత్తలో అడిగాను.
"చేదు కాదు మా, జారుడు.
వేళ్ళ నడుమ సబ్బు మాదిరి జారతాది.
బలే నున్నగా ఉందే అనుకుంటావు.
నీ తోలు కరగతా ఉందని లెక్క."

నీళ్ళు తోలాక ఒక చుక్క వేశాను.
సీసాలో రాణీ రంగు.
"ఇంకా ఉంది."
మళ్ళీ తోలాడు. లేత గులాబీ.
"ఇంకా."
ఐదోసారి చుక్క పడింది,
పడనట్టే ఉంది.

మా బోరునీళ్ళది ఇంకో కథ.
ఏ కడాయినైనా మూడు నెలల్లో సున్నం పూసి పెడతాయి.
దానికి నైట్రిక్కు.
నీళ్ళలోకి ఆసిడ్డు పొయ్యాల, ఆసిడ్డులోకి నీళ్ళు కాదు:
గోడ మీద ఎర్రక్షరాల బోర్డుంది.
అదే మాట చెంగల్రాయులు ఎడమ ముంజేతి మీద
ముడతలు పడి ఉంది,
బోర్డు కంటే పాతది.

పొద్దున గేటు దగ్గర
హాజరు మిషను మీద బొటనవేలు పెట్టాడు.
వేలు శుభ్రం చేసుకుని మళ్ళీ పెట్టండి, అంది మిషను.
లుంగీకి తుడిచాడు, నోటితో ఊదాడు.
వేలు శుభ్రం చేసుకుని మళ్ళీ పెట్టండి.
వాచ్‌మన్ గోవిందరెడ్డి నవ్వకుండా
నోటుపుస్తకం ముందుకు తోశాడు.
పేరు రాయడానికి ఆయనకి చానా సేపు పట్టింది.

సాయంత్రం ఆఖరి నీళ్ళు.
కాగితం ముక్క తడిపాను, ఏడు.
ఫారం మీద తేదీ వేస్తుంటే
ఆయన గ్లౌజు తీసి, కొళాయి కింద దోసిలి పట్టి
కొంచెం నాలిక మీద పోసుకున్నాడు.
రూలు ప్రకారం తప్పు. నేను చూడలేదు.
కళ్ళు మూసుకుని ఉన్నాడు,
కొత్త కాపు పండు కోసి చూస్తున్నవాడిలాగ.

"ఎట్లుంది?"
"ఏం లేదు."
ఆ 'ఏం లేదు' చెప్పేటప్పుడు
ఆయన మొహం చూడాల్సింది.

బూట్లు విడవడానికి అటు పోయాడు.
కొళాయి ఇంకా కారుతోంది.
నేనూ వేలు పెట్టి నాలిక్కి రాసుకున్నాను.
ఎక్కడో, చివరంచున, మామిడి.
గొట్టంలో ఉందో, నా నోట్లోనే ఉందో
తెలుసుకునే కాగితం ల్యాబులో లేదు.

సంతకం చేశాను.
"బిగించేదా?" అని పైనించి కేకేశాడు, స్పానరు చేతిలో.
"ఇంగోసారి తోలు నాయనా" అన్నాను.

ఎందుకని అడగలేదు.
పంపు వేశాడు.