మసి బరువు

మా నాయన చెంగల్రాయుడిది
చిత్తూరులో, కట్టమంచి పక్క, రేకుల షెడ్డు.
బుల్లెట్ బండ్ల సైలెన్సర్లు విప్పి
కాస్టిక్ సోడా నీళ్ళలో రాత్రంతా నానబెట్టి
తెల్లారి కట్టెతో తట్టేవాడు.
రాలిన మసిని చూసి బండి కత చెప్పేవాడు:
"వీడు ఘాట్ రోడ్డులో మొదటి గేరు వదల్లేదు."
"వీడు కిరసనాయిలు కలిపినాడు, లేదంటాడు చూడు."
ముప్పై ఏండ్లు చప్పుడు తగ్గించే పని చేసి
ఆఖరికి చెముడు ఆయనకే వచ్చింది.

నాకూ సైలెన్సర్లే దక్కినాయి,
తిరుపతిలో, పోలీసు ఆయుధాల గదిలో.
ఇక్కడ వాటిని సప్రెసర్లు అనాలంట.
ట్రైనింగులో మొదటిరోజే సారు దిద్దినాడు:
"చప్పుడు చావదమ్మా. అణుగుతుంది, అంతే."

జానెడు నల్ల గొట్టం.
మర తిప్పితే కిర్రుమంటుంది,
లోపల మసి పండ్లు బిగించుకోని ఉంటుంది.
తీసిన వరస తప్పకుండా బల్లమీద పేరుస్తా,
నడుమ బెజ్జమున్న బిళ్ళలు, ఏడు,
ఇడ్లీ పాత్రలో రేకుల మాదిరి.
ప్రతి బిళ్ళా వేడిగాలిని కొంచెం పట్టుకొని
నిదానంగా పో అని చెప్పి
పక్కదానికి అప్పజెప్తుంది.
తూటాను మాత్రం ఏ బిళ్ళా ఆపదు.
మసి ఎక్కువ పట్టేది మొదటి బిళ్ళకే,
ఇంట్లో పెద్దకూతురి మాదిరి.

ఇత్తడి బ్రష్షే వాడాల. ఉక్కుదైతే గీతలు పడతాయి.
ద్రావకం వాసనకు తల తిరక్కుండా
కిటికీ తెరుస్తా.
ఒక పక్క మెట్లదారి లైట్లు, కొండమీదికి.
ఇంకో పక్క శేషాచలం, ఒక్క లైటూ లేకుండా.
ఈ రాత్రి జీపులు వచ్చింది అట్నుంచే.

విప్పే ముందర తూకం వెయ్యడం నా అలవాటు.
నగలపని మానేసిన మేనమామ ఇచ్చిన
చిన్న తక్కెడ, బ్యాటరీది.
పోయిన శుక్రవారం కడిగి తూస్తే
నాలుగొందల పన్నెండు గ్రాములు.
ఇప్పుడు నాలుగొందల పదమూడున్నర.
రిజిస్టరులో మాత్రం:
అయిదు రౌండ్లు. ప్రాక్టీసు.
తేదీ ఉంది. సంతకం ఉంది. సంతకం కింద గీత కూడా ఉంది.

అయిదు రౌండ్లకు గ్రామున్నర మసి పట్టదు.
పదిహేడేండ్ల పని నాది,
గోళ్ళ సందుల్ని అడగండి.

తక్కెడ ఆర్పి మళ్ళీ వెలిగించినా.
ఫ్యాను గాలేమో అని ఫ్యాను ఆపినా.
ముక్కలన్నీ కలిపి ఇంకోసారి పెట్టినా.
అదే గ్రామున్నర.
బంగారమైతే
చంటిదాని చెవి పోగుల బరువు.

"దేశమ్మా, అయిందా?"
ఆర్ఎస్సై భక్తవత్సలం సారు.
గడప దాటి లోపలికి రాలేదు.
బూట్లకు ఎర్రమట్టి, ఇంకా తడిగానే.
రేంజిలో మట్టి తెలుపు.

మా నాయన,
చెవులు పోయినంక,
బండి స్టార్టు చేసి పొగగొట్టం ముందర
అరచెయ్యి పెట్టి కండ్లు మూసుకునేవాడు.
"ఇంకా ఏందో ఇరుక్కోనుంది" అనేవాడు.
విప్పి చూస్తే ఉండేది.

"లేదు సార్. మొదటి బిళ్ళది వదల్లేదు.
నాననీండి."
"ఎంతసేపు?"
"చెప్పలేను సార్. గట్టిపడింది."

ఆయన కొంచెంసేపు నిలబడినాడు.
నేను ద్రావకం డబ్బా మూత తిప్పతానే ఉన్నా,
తెరవడానికో మూయడానికో తెలీనట్టు.
బూట్ల చప్పుడు వరండా చివరికి పోయింది,
అణిగింది.

ఒక్క బిళ్ళనూ నానబెట్టలేదు.
ఏడింటినీ వరస తప్పకుండా
కాగితంలో చుట్టి దారం కట్టి
పైన బరువు రాసినా.
పెన్సిలు చేతికి అందేంత దగ్గరలోనే ఉండింది.
పెన్నుతో రాసినా.